నాచుదిబ్బ కొమ్మ

పటమట, విజయవాడ
12 జులై 1978

యంత్రానికి ఊడిగం చేస్తున్న ఆమోసుకు,

మా అక్క మొగుడు పెద్దబ్బాయి బావ చావు చావు కాదని కొట్టేసింది మీ కంప్యూటరు. ఆయనదొక్కటే కాదు, పోయిన నవంబరు ఉప్పెనలో నది సముద్రంలో కలిసే చోట నాచుదిబ్బ మీద కొట్టుకుపోయిన మా ఉప్పుగుంటపాలెం వాళ్ళందరి చావులూ కొట్టేసింది. తర్వాత నువ్వు మాట తిప్పకుండా నేరస్తుడి పేరు ముందే రాస్తున్నాను. హైదరాబాదులో చల్లటి గదిలో కూచుని నీలాంటి చదువుకున్నవాళ్ళ చేత సేవ చేయించుకుంటున్న ఆ యంత్రమే నేరస్తుడు.

సంపాదించే మనిషిని ఉప్పెనకి పోగొట్టుకున్న కుటుంబాలకి చల్లపల్లి రోడ్డులో మెరక మీద కాలనీ కడుతున్నారు, నీకు తెలుసు. మీ నాన్న ఇశ్రాయేలు గారు పోయారు కాబట్టి మీ అమ్మ దానమ్మత్తకి అందులో ఇల్లు వచ్చింది. మీ పేట పేర్లన్నీ ఉన్నాయి. సంతోషమే, నాకు ఏడుపేం లేదు. కానీ మా వాళ్ళు తలదాచుకున్న వడ్ల గోదాము గోడకి మొన్న జాబితా అంటించారు. రెండు అంచులా చిల్లులున్న కాగితం, అన్నీ ఇంగ్లీషు పెద్దక్షరాలు. మా బడి మాస్టారు పైనుంచి కిందికి వేలు పెట్టి చదివాడు. మా అంకాలమ్మక్క చంటిదాన్ని చంకనేసుకుని ఆ వేలు వెంటే చూస్తూ నిలబడింది. బావ పేరు రాలేదు. బావతో పోయిన వాళ్ళ పిల్లవాడి పేరు రాలేదు. మా పాలెం మొత్తానికి ఒక్క జక్కయ్య కొడుకు పేరే వచ్చింది.

జక్కయ్య మా కులపెద్ద. వాడి కొడుకూ దిబ్బ మీదే పోయాడు, నిజమే. అయితే వాడొక్కడి కొడుకే కొడుకా? అందరి ముందూ అడిగేశాను, ఎవరికి ఎంత ముట్టజెప్పావు తాతా అని. ముసలాడు కండువా దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

విజయవాడ వచ్చి రిలీఫ్ ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి స్పెషల్ ఆఫీసరు వెంకటప్పయ్య గారు అద్దాలు తుడుచుకుంటూ అన్నాడు: “మనుషులు రాసిన జాబితా అయితే ఈ క్షణం దిద్దేవాణ్ణి నాయనా. ఇది కంప్యూటరు రాసింది. దానికి కులం లేదు, బంధువులు లేరు. దానితో పోట్లాడితే ఏం వస్తుంది?”

పోట్లాడితే ఏం వస్తుందో చూపిస్తాను. ఆటోనగర్‌లో మా షెడ్డులో సమ్మెట ఉంది. లారీ యాక్సిళ్ళు సరిచేసే సమ్మెట. ఆ ఆఫీసు వెనక గదిలో మీ యంత్రం పిల్ల ఒకటి టకటకలాడుతోంది, కిటికీలోంచి చూసి వచ్చాను. కొత్త ధాన్యం వచ్చేలోపు గోదాము ఖాళీ చెయ్యాలట. కార్తీకంలో మళ్ళీ వాయుగుండాలు మొదలవుతాయి. అప్పటికి అక్కకి, ఆ పసిదానికి నెత్తిన కప్పు లేకపోతే నేను ఏం చేసినా తప్పు కాదు.

నువ్వు ఎటు? అది రాయి చాలు.

కాశీరావు


హైదరాబాదు
20 జులై 1978

కాశీకి ఆమోసు రాయునది.

నీ ఉత్తరం మా సెక్షన్లో అందరి ముందూ విప్పాను. “ఊడిగం” అనే మాట కవరు మీద కాకుండా లోపల రాసినందుకు నీకు రుణపడి ఉన్నాను.

ముందు సమ్మెట సంగతి. నువ్వు కిటికీలోంచి చూసింది కంప్యూటరు కాదు. కార్డులకి చిల్లులు పొడిచే మిషను. దాని ముందు కూచునే పిల్లలు రోజుకూలీకి వచ్చేవాళ్ళు. దాన్ని పగలగొడితే వాళ్ళ కూడు పోతుంది, దోపిడీ యంత్రాంగం అలాగే ఉంటుంది. (ఆ మాట నీదే, నీ కరపత్రాల్లోదే, అరువు తెచ్చుకున్నాను.) అక్కడ చిల్లులు పొడిచిన కార్డులు పెట్టెల్లో ఇక్కడికి వస్తాయి. మా కేంద్రంలో పెద్ద మిషను మీద నడుస్తాయి. ఆ పని నా సెక్షన్‌ది కాదు. నేను ట్రైనింగుకి వచ్చే కుర్రాళ్ళకి పాఠం చెప్పేవాణ్ణి.

రెండోది, నువ్వు యంత్రాన్ని మరీ పెద్దది చేశావు. దానికి పెద్దబ్బాయి బావ ఎవరో తెలీదు, కోపమూ లేదు, కనికరమూ లేదు. ఎవరో ఆజ్ఞలు రాసి ఇస్తారు. దాన్ని ప్రోగ్రాము అంటారు. యంత్రం ఆ రాతని మనలా గబగబా చదివి ఊరుకోదు. నడిపే ముందు విడదీస్తుంది. ఏ మాట ఏ షరతు కిందికి వస్తుంది, ఏ షరతు దేని లోపల ఉంది, అన్నీ కొమ్మలు కొమ్మలుగా తనలో తాను వేలాడదీసుకుంటుంది. పని మొదలయ్యాక ఆ కొమ్మల్ని పారేస్తుంది. కుర్రాళ్ళకి చూపించడానికని వాటిని పారేయకుండా కాగితం మీద దింపే పనిముట్టు ఒకటి పోయిన ఏడాది నేనే రాశాను. కంప్యూటరుకి తగిలించిన టైపు మిషను, టెలిటైపు అంటాం, దాని ముందు కూచుని చెట్టు అని ఇంగ్లీషక్షరాల్లో కొట్టి, పక్కన ప్రోగ్రాము పేరు కొట్టాలి. అంతే, దాని పొట్టలో ఏముందో వరసగా అచ్చేసి పెడుతుంది.

రిలీఫ్ ప్రోగ్రాము మీద అది కొట్టి చూస్తాను. నాకు ఆ పని అప్పగించలేదు, కాబట్టి వీలు చూసుకోవాలి. ఈలోగా నాకొకటి కావాలి. లెక్కలు రాసుకోవడానికి వచ్చినవాడు అక్కని ఏం అడిగాడు, అక్క ఏం చెప్పింది, ఆమె మాటల్లోనే రాయి. నీ వ్యాఖ్యానం వద్దు.

అమ్మ మాట ఎత్తావు కాబట్టి చెబుతున్నాను. మా నాన్న పేరు జాబితాలో ఉన్నందుకు నాకు సిగ్గు లేదు. నాన్న లేనందుకు ఉన్న బాధే ఉంది. ఇంకెప్పుడూ అలా రాయకు.

ఆమోసు


ఉప్పుగుంటపాలెం గోదాము నుంచి
2 ఆగస్టు 1978

ఆమోసుకు,

సరే, రాయను. మీ నాన్న నాకు ఈత నేర్పిన మనిషి. కోపంలో కలం ఎటు పోతోందో చూసుకోలేదు.

షెడ్డులో సెలవు పెట్టి వచ్చాను. గోదాములో ఇంకా పాత ధాన్యం వాసన, దాని మీద మనుషుల వాసన. గోనెపట్టాలు కట్టి ఇళ్ళని విడదీసుకున్నారు. పక్కింట్లో దగ్గితే మనింట్లో పిల్ల లేస్తుంది. సముద్రం మీదికి వెళ్ళడానికి నావల్లేవు, వలల్లేవు. వేటగాళ్ళు పొలాల్లో కలుపుకి పోతున్నారు. మావాళ్ళకి చేతకాదని రైతులు నవ్వుతున్నారట.

అక్కని కూచోబెట్టి అడిగాను. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. వచ్చినవాడు తాలూకా నుంచి వచ్చాడట, కొత్తవాడు.

“మీదే ఊరు?”

“ఉప్పుగుంటపాలెమండి.”

“మీ ఆయన ఎక్కడ పోయాడు?”

“నాచుదిబ్బ మీదండి. నా కొడుకూ అక్కడేనండి.”

“అంటే ఊళ్ళో కాదా?”

“ఊళ్ళో కాదండి. దిబ్బ మీద.”

అతను ఇంకోసారి అడిగాడట, ఊరే రాయమంటావా అని. ఒద్దండి, దిబ్బ అనే రాయండి, అబద్ధం ఎందుకు అందట. పాలెంలో అందరూ అదే చెప్పారు.

నీకు మా సంగతి పూర్తిగా తెలియదు కాబట్టి చెబుతున్నాను. కార్తీకం రాగానే మావాళ్ళు ఇల్లూ వాకిలీ మూసి, పొయ్యి, కోళ్ళు, పిల్లల్తో సహా నది మొగలో ఉన్న దిబ్బ మీదికి వెళ్ళిపోతారు. ఫాల్గుణం దాకా అక్కడే తాటాకు పాకలు, అక్కడే వేట, అక్కడే చేప ఎండబెట్టడం. అయినా దిబ్బని ఎవరూ ఊరు అనరు. అమ్మవారు లేని చోటు ఊరెలా అవుతుంది? దాని మీద ఎవరూ పుట్టరు. నెలలు నిండిన ఆడమనిషిని పాలెం పంపేస్తారు. దిబ్బ మీద పురుడు పోయరు. అక్క అందుకే బతికింది. నొప్పులొస్తున్నాయని బావే నావలో దింపి, కొడుకు తనతో ఉంటానంటే వాణ్ణి భుజానేసుకుని మళ్ళీ దిబ్బకి వెళ్ళాడు. పిల్ల పుట్టిన మర్నాడు ఉప్పెన వచ్చింది. పాలెంలో పాకలన్నీ పోయినా గుడి అరుగు మీద జనం బతికారు. దిబ్బ మీద అరుగు లేదు.

నీకు కావలసింది ఇదేనా? ఇందులో ఏం దొరుకుతుంది నీకు? నువ్వు వివరాలు అడుగుతున్నావు, ఇక్కడ రోజులు పోతున్నాయి. మీ చదువుకున్నవాళ్ళ జబ్బే ఇది. ఇల్లు కాలుతుంటే నిప్పు ఏ మూల రాజుకుందో అడుగుతారు.

కాశీరావు


హైదరాబాదు
21 ఆగస్టు 1978

కాశీకి,

నిప్పు ఏ మూల రాజుకుందో దొరికింది.

కుదురుగా చదువు. మధ్యలో లేచి సమ్మెట వెతక్కు.

చెట్టు కొట్టాను. నాలుగు బారల కాగితం వచ్చింది. పేరుకి చెట్టే గానీ వేరు పైన, కొమ్మలు కింద. నీకు అలా చెబితే ఎక్కదు. మన కాలువలు తలుచుకో. బెజవాడ దగ్గర పెద్ద కాలువ మొదలవుతుంది. లాకుల దగ్గర చీలుతుంది. తూముల దగ్గర మళ్ళీ చీలి పిల్లకాలువలవుతుంది, చివరికి బోదెలు, చేలు. ప్రోగ్రాము అంతే. మీ అక్క కుటుంబం ఒక కార్డు. ఆ కార్డు ఆ కాలువలో పడిన ఒక నీటిబొట్టు అనుకో. ప్రతి షరతూ ఒక షట్టరు. ఎత్తి ఉంటే ఇటు, దించి ఉంటే అటు. కొన్ని దారులు కాలనీ ఇళ్ళకి పోతాయి. కొన్ని ఇసకలోకి పోయి ఇంకిపోతాయి.

మొదటి షట్టరు: ఇంటి సంపాదనపరుడు పోయాడా? బొట్టు దాటింది. రెండోది: ఇల్లున్న ఊరూ పోయిన చోటూ ఒకటేనా? మీవాళ్ళందరూ ఇక్కడ పక్కకాలువలో పడ్డారు. పరఊళ్ళో పోయినవాణ్ణి ఆ ఊరి లెక్కలో చూసుకుంటారు, రెండుసార్లు రాకూడదు అనేది ఆ షట్టరు ఉద్దేశం. రైతుల ఊళ్ళు చూసినవాడు రాసిన షరతు అది. రైతు తన ఊళ్ళో పోతాడు. నాచుదిబ్బ ఏ రికార్డులోనూ ఊరు కాదు కాబట్టి మీవాళ్ళని చూసుకునే ఇంకో లెక్క లేదు. పక్కకాలువ నేరుగా ఇసకలోకి.

ఇక్కడిదాకా అయితే తెలివితక్కువతనం అని సరిపెట్టుకునేవాణ్ణి.

ఆ పక్కకాలువ గట్టుకి ఒక గండి ఉంది, కాశీ. తర్వాత కొట్టిన గండి. ఆ దారిలో పడినవాడికి భూమి నంబరు ఉంటే, వాడి బొట్టు గండిలోంచి మళ్ళీ పెద్ద కాలువలోకి వచ్చేస్తుంది, ఇంటికి చేరుతుంది. ఉప్పెన రోజు పెళ్ళికో, మిల్లుకో పక్కఊరు వెళ్ళి పోయిన భూములున్న ఆసాములు కొందరున్నారట. వాళ్ళ బంధువులు అర్జీలు పెట్టుకున్నారు. అప్పుడు ఎవరో ఆ షట్టరు మనుషుల్ని ఇసకలోకి తోస్తోందని చూశారు. చూసి, సరిదిద్దారు. భూమి ఉన్నవాళ్ళ మటుకే సరిదిద్దారు. తెలియక చేసిన పని కాదు. తెలిసి, సగం చేసి వదిలేసిన పని.

జక్కయ్య తాతకి డ్రెయిను పక్కన సర్కారు ఇచ్చిన ఎకరం డి-పట్టా భూమి ఉంది కదా. ఆయన బొట్టు ఆ గండిలోంచే వచ్చింది. ఆయన ఎవరికీ ఏమీ ముట్టజెప్పలేదు. నువ్వు వెళ్ళి ఆయనతో మాట్లాడు.

ఆ షరతు పైన యంత్రం పట్టించుకోని వ్యాఖ్య వరస ఒకటి ఉంటుంది, రాసినవాళ్ళు తమ గుర్తుకి పెట్టుకునేది. ఎవరి ఆదేశమో అందులో ఉంది. చెట్టులోకి ఆ వరస రాదు. చెట్టులో మనుషుల పేర్లు రాలిపోతాయి. దారులే మిగులుతాయి. ఆ పేరు నీకు రాయను. రాస్తే నువ్వేం చేస్తావో నాకు తెలుసు.

చెయ్యాల్సింది చిన్నది. భూమి లేనివాళ్ళకీ అదే గండి తెరవమనాలి. ప్రోగ్రాములో ఆ షరతు ఉన్న ఒక్క కార్డు మారిస్తే చాలు. పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని ఆఫీసుకి వెళ్ళు. మర్యాదగా అడుగు. చూశామని అనకు, ఇలా జరుగుతోందేమో చూడండి అని అడుగు. కాగితం పంపలేను. బయటికి తేకూడదు.

ఆమోసు


పటమట, విజయవాడ
5 సెప్టెంబరు 1978

ఆమోసు బావా,

గెలిచాం.

జక్కయ్య తాతని వెంట తీసుకెళ్ళాను. క్షమాపణ అయితే నోటికి రాలేదు గానీ బస్సులో టికెట్లు నేనే తీశాను, దార్లో సోడా కొట్టించాను. ఆయన తాగాడు. అంటే పోయినట్టే కదా ఆ గొడవ.

వెంకటప్పయ్య గారు మమ్మల్ని నిలబెట్టే మాట్లాడాడు మొదట. నువ్వు చెప్పినట్టు మర్యాదగానే మొదలెట్టాను. ప్రోగ్రాములో చెట్టు ఉంటుందండీ, అందులో ఒక కొమ్మ మావాళ్ళని పక్కకి తోసేస్తోందేమో చూడండి అన్నాను. ఆయన గుమాస్తా వైపు చూసి నవ్వాడు. “మా ఆఫీసులో ఉన్న చెట్టు ఆ వేపచెట్టు ఒక్కటే నాయనా. దాని కొమ్మలు కరెంటువాళ్ళు మొన్నే కొట్టేశారు” అన్నాడు. గది మొత్తం నవ్వింది. టైపిస్టు కూడా.

అక్కడ నా ఓపిక తెగింది. గండి సంగతి మొత్తం చెప్పేశాను. ఊరూ, పోయిన చోటూ, భూమి నంబరూ, పక్కకాలువ, ఇసక. నాలుగు బారల కాగితంలో ఉందని చెప్పాను. చెబుతుంటే ఆయన మొహంలో నవ్వు ఎలా ఆరిపోయిందో నువ్వు చూడాల్సింది. గుమాస్తాని బయటికి పంపాడు. కుర్చీలు వేయించాడు. టీ తెప్పించాడు, కప్పూ సాసరుతో. నన్ను అండీ అన్నాడు. మా బావ చావుని చావు కాదన్న ఆఫీసులో నన్ను అండీ అన్నారు.

“ఇంత లోతుగా చదువుకున్నవాళ్ళు మా దగ్గరికి రారండీ. మీకెవరు చెప్పారు ఇదంతా?”

తాత బల్ల కింద నా పాదం మీద పాదం వేసి నొక్కాడు. ముసలాయన పిరికితనం నాకు అప్పుడు నచ్చలేదు. తలెత్తుకుని చెప్పాను, మా ఆమోసు, ఇశ్రాయేలు కొడుకు, ఆ మిషను దగ్గరే ఉన్నాడు, వాడు స్వయంగా చూశాడు అని. కూలివాళ్ళ పేటలోంచి వెళ్ళినవాడు వాళ్ళ యంత్రాన్ని విప్పి చూశాడని వాళ్ళకి తెలియాలి. ఆయన నీ పేరు రాసుకున్నాడు. ఇంటిపేరు కూడా అడిగి రాసుకున్నాడు. అలాంటి కుర్రాళ్ళు దేశానికి కావాలండీ అన్నాడు. తప్పకుండా సరిచేయిస్తానని, నెలాఖరుకి కొత్త జాబితా వస్తుందని మాట ఇచ్చాడు.

బయటికొచ్చాక తాత ఒక్కటే అడిగాడు: “వాడి పేరు ఎందుకు చెప్పావురా?”

నిజం చెప్పడానికి పేరు దాచుకోవడం ఏమిటి బావా? అక్కతో ఇల్లు వచ్చేస్తోందని చెప్పాను. ఏ వైపు గుమ్మం ఉంటుందని అడిగింది. ఉప్పెన తర్వాత ఆమె తనంతట తాను ఏదైనా అడగడం ఇదే మొదలు.

నీ
కాశీ


కేరాఫ్ లాజరు, లాలాగూడ, సికిందరాబాదు
28 సెప్టెంబరు 1978

కాశీకి,

ఇక మీద ఆఫీసు అడ్రసుకి రాయకు. పైన ఉన్నది రాయి. లాజరు మామయ్య రైల్వే క్వార్టర్సు.

కొత్త జాబితా వచ్చి ఉండాలి. మీవాళ్ళ పేర్లు లేవని నాకు తెలుసు. ఎందుకు లేవో చెబుతాను, అక్కకి నువ్వే చెప్పాలి.

నువ్వు ఆఫీసుకి వెళ్ళి వచ్చిన కొద్దిరోజులకి ప్రోగ్రాము కొత్తగా రాయించి పంపారు. చదివాను. అందంగా ఉంది. ఆదేశం అని ఉన్న వ్యాఖ్య వరస తీసేశారు. భూమి నంబరు అనే పేరు ఎక్కడా లేదు, దాని స్థానంలో ఏదో కోడు. వరసలు అటుదిటు ఇటుదటు సర్ది, మధ్యలో ఖాళీలు పెట్టి, ఎవరు చూసినా తప్పు పట్టలేనట్టు చేశారు. ఎవరైనా విచారణకి వస్తే చూపించడానికి అది బాగుంటుంది.

చెట్టు కొట్టాను. అదే కాలువ, అదే షట్టరు, అదే గండి, అదే ఇసక. రెండు కాగితాలూ పక్కపక్కన పరిచి చూశాను. రాతంతా మారింది, కొమ్మ ఒక్కటీ కదల్లేదు. నేను అది ట్రైనింగు కుర్రాళ్ళ కోసం రాశాను. ఇంత బాగా పనిచేస్తుందని అనుకోలేదు.

పోయినసారి దాచిన పేరు ఇప్పుడు చెబుతున్నాను. ఆ తీసేసిన వరసలో ఉన్నది వెంకటప్పయ్య గారి పేరే. ఆయనే గండి కొట్టించాడు, ఆయనే మీకు టీ ఇచ్చాడు. నువ్వు మొదటి ఉత్తరంలో నేరస్తుడి పేరు తప్పు రాశావు.

రెండు చెట్ల కాగితాలూ అంతోని చేత పంపుతున్నాను. మామయ్య స్నేహితుడు, రైలు గార్డు. బెజవాడ స్టేషన్లో పార్సిలాఫీసు దగ్గర శనివారం కలుసుకో. బయటికి తేకూడదని అప్పుడు రాశాను. ఇప్పుడు ఫరవాలేదు.

ఇక్కడ తీరిక ఎక్కువగా ఉంది. పొద్దున్నే వర్కుషాపుకి పోయేవాళ్ళ సైకిళ్ళు చూస్తూ కూచుంటాను. నీ కరపత్రాలు ఏవైనా ఉంటే పంపు, చదువుతాను. అమ్మ కనబడితే బాగున్నానని చెప్పు. తనంతట తాను అడిగితేనే చెప్పు.

ఆమోసు


ఉప్పుగుంటపాలెం గోదాము నుంచి
15 అక్టోబరు 1978

ఆమోసూ,

మీ అమ్మ అడిగింది. నువ్వు బాగున్నావని చెప్పాను. ఆమె చేటలో బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా అంది: “బాగుండడమేంటి, ఉద్యోగం తీసేశారుగా. లాజరన్నయ్య రాశాడు.” నేను గుమ్మంలో నిలబడిపోయాను. “బయటివాళ్ళకి ఎవరికి చెప్పావని గుచ్చి గుచ్చి అడిగారంట. ఎవరికీ చెప్పలేదన్నాడంట. నీ పేరు ఎత్తలేదంటరా వాడు” అంది. తర్వాత, అన్నం తిని వెళ్ళమంది. తిన్నాను.

నువ్వు నా పేరు చెప్పలేదు. నేను నీ పేరు ఇంటిపేరుతో సహా చెప్పాను, కప్పూ సాసరూ చూసి. దీని గురించి ఇంకేం రాసినా నా బరువు దించుకోవడమే అవుతుంది. రాయను.

సమ్మెట షెడ్డులోనే ఉంది. దాని జోలికి పోలేదు.

కాగితాలు అంతోని అందించాడు. గోదాములో పరిస్తే ఈ గోడ నుంచి ఆ గోడకి వచ్చాయి. ఇంగ్లీషక్షరాలు, గీతలు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, నాకూ కాలేదు, నీ ఆగస్టు ఉత్తరం పక్కన పెట్టుకుని ఒక్కో కొమ్మా పోల్చుకున్నాను. అప్పుడు అక్క ముగ్గుడబ్బా తెచ్చి ఇచ్చింది, నేల మీద గియ్యి అని. గోదాము బయట కళ్ళంలో గీశాను. పెద్ద కాలువ, లాకులు, పక్కకాలువ, గండి. ఇళ్ళ దగ్గర ఇటుకలు పెట్టాను. ఇసక దగ్గర ఇసకే పోశాను.

ఇందులో నేనెక్కడ అని అడిగింది అక్క. కాలువ మొదట్లో నిలబెట్టి, షట్టర్ల దగ్గర నేను అడిగాను, ఆమె చెప్పింది. మీ ఆయన పోయాడా? పోయాడు. మొదటిది దాటింది. మీ ఊళ్ళో పోయాడా? కాదు, దిబ్బ మీద. పక్కకి తిరిగింది. భూమి ఉందా? నవ్వింది, చంటిదాన్ని రెండో చంకకి మార్చుకుంటూ. నడిచి వెళ్ళి ఇసకలో నిలబడింది. తర్వాత ఒక్కొక్కరూ వచ్చారు. పాలెం అంతా నడిచింది. చివరికి ఆ ఇసక మీద నిలబడడానికి చోటు చాల్లేదు. మాకు ఇన్నాళ్ళూ జరిగింది అప్పుడు కంటికి కనబడింది.

జక్కయ్య తాత ఆఖర్న నడిచాడు. పక్కకాలువలో పడ్డాడు, గండి దగ్గరికి వచ్చాడు. ఆయనకి దారి ఉంది, అటు నాలుగడుగులు వేస్తే ఇటుకలు. నిలబడ్డాడు. ఇసక వైపు చూశాడు. “నా కొడుకు దిబ్బ మీద వీళ్ళ పిల్లలతోనే పోయాడు” అని, ముగ్గు దాటి వచ్చి మా మధ్యన నిలబడ్డాడు. నేను అప్పుడు ఆయన కాళ్ళు పట్టుకున్నాను. బస్సు టికెట్టుతో తీరిందనుకున్నదాన్ని తీర్చడానికి ఇంతకాలం పట్టింది.

వచ్చే సోమవారం కాలనీ తాళాలు ఇస్తున్నారు. వెంకటప్పయ్య గారు స్వయంగా వచ్చి పదకొండింటికి మొదలుపెడతాడట, షామియానా వేస్తున్నారు. తాత తన తాళం తీసుకోనని చెప్పి పంపాడు. మీ అమ్మ తనదీ తీసుకోనంది. వద్దని ఎంత చెప్పినా వినలేదు. ఇశ్రాయేలు పేరు మీద వచ్చిన ఇల్లు ఇశ్రాయేలుకి నచ్చేలా ఉండాలిగా అంది. మీ పేట నుంచి ఇంకా కొందరు వస్తామన్నారు.

ఆ కాలనీ గేటు ముందు తారురోడ్డు మీద, ఈ చివర నుంచి ఆ చివరకి, సున్నంతో ఆ చెట్టు గీస్తాం. తాళం తీసుకోవడానికి వచ్చే ప్రతి మనిషీ దాని మీదుగానే నడవాలి. ఇచ్చేవాడూ నడవాలి. ఆయన్ని ఎవరం తాకం. షట్టరు దగ్గర నిలబెట్టి, అక్కని అడిగిన మూడు ప్రశ్నలే అడుగుతాం, ఈ గండి ఎవరు కొట్టారో అందరి ముందూ ఆయన నోటితో చెప్పమంటాం. పోలీసులు వస్తారని తాత అంటున్నాడు. తాటాకు పాకలో చంటిదానితో కార్తీకం గడపడం కన్నా అదేం పెద్ద భయం కాదని అక్క అంటోంది. గండి దగ్గర పిల్లని ఎత్తుకుని నిలబడేది తనే.

వాళ్ళు కాగితం తప్పని అంటారు. ముగ్గు పిచ్చివాళ్ళ పని అంటారు. అప్పుడు ఆ అక్షరాలు చదివి చెప్పేవాడు ఒక్కడు కావాలి. అది నేను కాదు. నిన్ను రమ్మనే హక్కు నాకు లేదని తెలిసే రాస్తున్నాను. అంతోని ఆదివారం డ్యూటీకి ఎక్కుతున్నాడు, నీకు చోటు చూస్తానన్నాడు. బెజవాడ స్టేషన్లో నేనుంటాను. నువ్వు నాతో మాట్లాడకపోయినా ఫరవాలేదు, బస్సులో వేరే సీట్లో కూచో.

సోమవారం పొద్దున పది గంటలకి, చల్లపల్లి రోడ్డులో కాలనీ గేటు ముందు. సున్నం బకెట్లు మేం తెస్తాం. పాలెం అంతా వస్తోంది, మీ పేట వస్తోంది. వాళ్ళు తాళాలు పదకొండింటికి ఇస్తారు. మనం పదింటికే అక్కడ ఉండాలి.

కాశీ